అబ్బే, ఈ వయసులో అవేం పాటలమ్మా!

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ వస్తూ నాకో పెట్టె తెచ్చాడు. చూడ్డానికి మా నాన్నగారి కాలం నాటి రేడియోలాగే ముచ్చటగా ఉంది. స్టేషను తిప్పక్కర్లేదట, ఏరియల్ కట్టక్కర్లేదట. మీట నొక్కితే చాలు, లోపల ముందే నింపిపెట్టిన వేలకొద్దీ పాటలు వరసగా వచ్చేస్తాయట.

“అన్నీ భక్తి పాటలేనమ్మా! సుప్రభాతం, సహస్రనామాలు, భగవద్గీత, అయ్యప్ప భజనలు... ఇంక నీకు ఏ లోటూ లేదు” అన్నాడు, నా శేషజీవితాన్ని ఒక పెట్టెలో సర్దేసిన తృప్తితో.

“బాగుంది నాన్నా. ఇందులో అబీ రోడ్ ఉందా?” అన్నాను.

వాడు నోరు తెరిచాడు. “ఏ రోడ్డు అత్తయ్యా?” అంది కోడలు. అప్పుడే పాలగిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన పక్కింటి వదినగారు, “అబ్బే రోడ్డా? అదెక్కడమ్మా, టెక్కలి అవతలా?” అంది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వులయ్యాక మా అబ్బాయి లాలనగా, చిన్నపిల్ల చేతిలోంచి చాకు తీసుకునేటప్పుడు మాట్లాడినట్టు, “అబ్బే, ఈ వయసులో అవేం పాటలమ్మా!” అన్నాడు.

అదిగో, ఆ ‘అబ్బే’ మీదే నా తగువు.

ఆడదాని చెవులకి ఈ లోకం ఒక టైమ్‌టేబుల్ వేసి పెట్టింది. పదేళ్ళప్పుడు ‘సినిమా పాటలు పాడకు, నోరు పాడవుతుంది’ అంటారు. పద్దెనిమిదికి ‘పెళ్ళిచూపుల్లో పాడ్డానికి రెండు కీర్తనలు నేర్చుకో’ అంటారు. పాతికకి జోలపాట, నలభైకి పేరంటాల్లో మంగళహారతి. అరవై దాటేసరికి ఇదిగో, ఈ పెట్టె. ఇన్నేళ్ళలో ‘నీకేం వినాలనుంది?’ అని అడిగినవాళ్ళున్నారా? మీలో ఎవర్నయినా అడిగుంటే చెప్పండి, మీ చేతికి నేనే గాజులు తొడుగుతాను.

అబీ రోడ్ అంటే టెక్కలి అవతల కాదు, లండన్‌లో ఒక వీధి. బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళు ఆ వీధిలో ఉన్న స్టూడియోలో పాడి, 1969లో ఆ పేరుతోనే ఒక రికార్డు విడుదల చేశారు. అది ఎంత పేరు తెచ్చుకుందంటే తరవాత ఆ స్టూడియో పేరే మార్చి రికార్డు పేరు పెట్టుకున్నారు. మా పుట్టిల్లు విజయనగరం. మా చిన్నన్నయ్య విశాఖపట్నం నుంచి సరుకుల ఓడ మీద పనికి వెళ్ళేవాడు. అందరి అన్నయ్యలూ నైలాను చీరలు, సెంటు సీసాలు తెస్తే, మా వాడు నల్లటి పళ్ళేల్లాంటి లాంగ్‌ప్లే రికార్డులు తెచ్చేవాడు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి పైగా పాట. వైపు అయిపోగానే లేచి తిరగెయ్యాలి. బి.ఏ. చదివే రోజుల్లో ఎకనామిక్సు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేను విన్నది వీటినే.

నా అభిమాన రికార్డుల సంగతి చెప్తాను. పత్రికల్లో మగరాయుళ్ళు ‘సర్వకాల సర్వోత్తమ రాక్ ఆల్బములు’ అని జాబితాలు వేస్తారు. ఎంతసేపూ గిటారు ఎవడు ఎంత వేగంగా వాయించాడన్న లెక్కే. నా లెక్క వేరు. వంటింట్లోంచి విన్నా కాళ్ళు లాక్కొచ్చి కూచోబెట్టాలి. అదే గొప్ప రికార్డు.

అబీ రోడ్‌లో మొదటి వైపు అంతా నాకు నచ్చుతుందనను. అందులో ఒక సుత్తి పాట ఉంది. తిట్టడం లేదు, నిజంగానే ఆ పాటలో ఒకడు వెండి సుత్తితో మనుషుల్ని మోదేస్తుంటాడు. ఆ పాట ఆ బృందంలో మిగతా వాళ్ళకే గిట్టలేదట. కాని రికార్డు తిరగేశారా, రెండో వైపు మొదటి పాటే సూర్యోదయం. ‘హియర్ కమ్స్ ది సన్’ అన్న ఆ పాటని జార్జి హారిసన్ కంపెనీ లెక్కల మీటింగు ఎగ్గొట్టి, స్నేహితుడి తోటలో కూచుని కట్టాడు. ముగ్గులో చుక్కలు పెట్టినంత తేలిగ్గా పడతాయి ఆ గిటారు మీటులు. మరికాసేపటికి, పూర్తికాని పాటల ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించిన ఒక పెద్ద వరస వస్తుంది. బుట్టలో మిగిలిన ఆనపకాయ ముక్క, రెండు ములక్కాడలు, సగం గుమ్మడికాయ, ఒక చిలగడదుంప కలిపి మా అమ్మ దప్పళం పెడితే విడివిడి కూరలకి లేని రుచి వచ్చేది. అదే విద్య ఇది. విడిపోయే ముందు నలుగురూ కలిసి పెట్టిన ఆఖరి దప్పళం.

రెండోది 1973లో పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు చేసిన ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. అమెరికాలో అమ్మకాల పట్టికలో 1973 నుంచి 1988 లోపల మొత్తం 741 వారాలు నిలిచింది. మన సీరియళ్ళకి కూడా అంత ఆయుష్షు లేదు! అందులో ఒకచోట గడియారాలన్నీ ఒక్కసారి గణగణలాడతాయి. పాలవాడు, స్కూలు బస్సు, ఆఫీసు కేరేజీ అని గడియారానికి బానిసత్వం చేసినవాళ్ళకి ఆ పాట అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

మరొక పాటలో అసలు మాటలే లేవు. క్లేర్ టోరీ అనే అమ్మాయిని ఒక ఆదివారం నాడు పిలిచి, మృత్యువు గురించి పాడమన్నారు. సాహిత్యం ఇవ్వలేదు. ఆమె ఆలాపనగా గొంతెత్తి, ఏడ్చి, బతిమాలి, చివరికి సద్దుమణిగింది. మన శోకాల పాటల్లో ఒక దశ దాటాక మాటలు పోయి గొంతొక్కటే మిగులుతుందే, అలాగన్నమాట. ఆ గొంతుకి ఆనాడు ఇచ్చింది 30 పౌన్లు! రికార్డు మీద పాట కట్టినవారి పేర్లలో ఆమె పేరు లేదు. ఆమె 2004లో కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరింది, అప్పుడు చేరింది పేరు. ముప్ఫై ఏళ్ళు! వంట మనది, వడ్డించినవాడిది పేరు అన్న సామెత ఇంగ్లండులోనూ చెల్లుతుందని తెలిసి, ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

మూడోది కెరోల్ కింగ్ ‘టేపెస్ట్రీ’, 1971. ఈవిడ అంతకుముందు ఎన్నో ఏళ్ళు, భర్తతో కలిసి ఇతరులకి పాటలు కట్టి ఇచ్చింది. ఆ పాటలు పాడి వేరేవాళ్ళు పేరు తెచ్చుకున్నారు. ఆ కాపురం చెదిరాక, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకుంటూ, పియానో ముందు కూచుని తనే పాడింది. అట్ట మీద బొమ్మ చూడండి, పట్టు జిలుగు లేదు, రంగు లేదు. కిటికీ దగ్గర చెప్పుల్లేని కాళ్ళతో కూచుంది, పక్కన పిల్లి. మనింట్లో మధ్యాహ్నం రెండింటికి మనం ఉన్నట్టే ఉంది! ఆమె గొంతు మహా గొప్పది కాదు. అదే దాని గొప్ప. ఎదురింటి అక్కయ్య అరుగు మీద కూచుని మన కష్టం వింటున్నట్టుంటుంది.

నాలుగోది ఫ్లీట్‌వుడ్ మాక్ వాళ్ళ ‘రూమర్స్’, 1977. ఆ బృందంలో ఒక జంట విడాకులు తీసుకుంటున్నారు, ఇంకో జంట ప్రేమ బెడిసికొట్టి విడిపోతున్నారు. అయినా ఒకే గదిలో నిలబడి, ఒకళ్ళ మీద ఒకళ్ళు కట్టుకున్న పాటలకి ఒకళ్ళకొకళ్ళు వంత పాడారు. మాటలు మానేసిన తోడికోడళ్ళు ఒకే పొయ్యి మీద పెళ్ళివంట చేస్తే ఎంత నేర్పు కావాలో ఉమ్మడి కాపురం చేసినవాళ్ళకి వేరే చెప్పాలా?

నచ్చనివీ ఉన్నాయి, దాచను. వేదిక మీద గిటారు విరగ్గొట్టే పెద్దమనుషులంటే నాకు గిట్టదు. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది, వాయిద్యాన్ని నేలకేసి కొట్టేవాడి పాట మన చెవికెక్కుతుందా? పావుగంట డప్పుల దరువు కూడా నాకు విసుగే. ఇక మత్తుమందుల మాట. ఆ తిండి తిని ఇరవయ్యేడేళ్ళకే 1970లో పోయింది జానిస్ జాప్లిన్. ఆ పిల్ల గొంతు వింటే ఇప్పటికీ నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది. వాళ్ళ బతుకులు మనకి ఆదర్శం కావు. కాని పాటని పాడినవాడి జాతకం చూసి వినాలంటే మన సినిమా పాటలు ఎన్ని మిగులుతాయో లెక్క వెయ్యండి!

ఇంక మావాళ్ళ అభ్యంతరాలకి వస్తాను.

“అర్థం కాని భాష కదమ్మా” అంటారు. మరి సుప్రభాతం? తెల్లారగట్ల లేచి చేతులు జోడించే మనలో ఎంతమందికి ఆ సంస్కృతం మాట మాటకీ అర్థం తెలుసు? ఆ సుప్రభాతం మన ఇంటింటికీ తెచ్చిన సుబ్బులక్ష్మిగారి మాతృభాష తమిళం. మన త్యాగయ్య తెలుగుని నెత్తిన పెట్టుకున్న తమిళ సోదరులు అర్థాలు అడిగి తల ఊపుతున్నారా? శిశువుకీ పశువుకీ పాముకీ కూడా పాట రుచి తెలుస్తుందని మన పెద్దలే అన్నారు. ఆ జాబితాలో అత్తగార్ని చేర్చడం మరిచిపోయారు, అంతే.

“విదేశీ సంగీతం” అంటారు. కచేరీలో గాత్రం పక్కన భుజానికెత్తుకున్న ఫిడేలు ఏ దేశానిది? తెల్లవాడి వాయిద్యం. దాన్ని మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు మనదనిపించారు. 1919లో పెట్టిన ఆ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథకి కాళ్ళకి గజ్జె కట్టి ఊగించిన ఆ మహానుభావుడు పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంని తెలుగు చేశారు. పరదేశపు సరుకు అని ముక్కు మూసుకోలేదు.

“అంతా అరుపులూ దరువులూ” అంటారు. మా శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళు చూసినవాళ్ళేనా ఈ మాట అనేది? గుండెకి తప్పెట కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ, ఎగురుతూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు నిలువెత్తు గోపురం కట్టేస్తారు. అది జానపదం, ఇది గోలా?

ఈ మడి కట్టుకోవడం మా గాలికి సరిపడదు. మా ఊరి మధుకేశ్వరుడు సవరలు నరికిన ఇప్పచెట్టు మొదట్లో ముఖం చూపించాడని స్థలపురాణం. ఇప్పచెట్టునే మధూకం అంటారు. మా ఊరి దగ్గరి పర్వతాలపేటలోనే 1863లో గిడుగు రామమూర్తిగారు పుట్టారు. పండితులంతా వాడుక భాషని అంటు అంటుంటే, జనం మాట్లాడేదే భాష అని జీవితమంతా పోట్లాడారు. ఎవరూ పట్టించుకోని సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన పుట్టిన వంశధార ఒడ్డున కూచుని, ఏ పాట వింటే మైల పడతామో నాకొకరు చెప్పాలా?

“పోనీ, ఈ వయసులో...” అంటారు చివరికి. అదే అసలు మాట. పాల్ మెకార్ట్నీ అని, ఆ అబీ రోడ్ నలుగురిలో ఒకడు. 2022 జూన్‌లో ఎనభై నిండిన వారానికే ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ మైదానంలో లక్ష మందికి పాడాడు. ఆ మరుసటి నెలే జోనీ మిచెల్ అనే గాయని, మెదడులో రక్తనాళం చిట్లి మాటా నడకా మళ్ళీ నేర్చుకున్న మనిషి, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో న్యూపోర్టు వేదిక మీద కుర్చీలో కూచుని పాడింది. పాడేవాళ్ళకి లేని వయసు వినేదానికి ఎందుకొచ్చిందో చెప్పండి!

నాకు భక్తి పాటలంటే చులకన అనుకునేరు. మా పుట్టింటి ఊళ్ళోనే మధుకరం ఎత్తుకుని సంగీతం చదువుకున్న ఘంటసాల గారు, ఆరోగ్యం చెడ్డ ఆఖరి రోజుల్లో భగవద్గీత పాడారు. ఆ రికార్డుని మనం ఏం చేశాం? చావింటి గుమ్మానికి మైకు కట్టి పెట్టాం. ఇవాళ ఏ వీధిలోనైనా ఆ గొంతు వినపడితే, “అయ్యో, ఎవరు పోయారు?” అని అడుగుతారు. బతికున్నవాడు యుద్ధం చెయ్యడానికి చెప్పిన గీతని చచ్చినవాడికి వినిపిస్తున్నాం. గౌరవం పేరుతో ఎవరూ వినకుండా చేశాం. పాటని అవమానించింది నేనా, వాళ్ళా? నేను గీతని కూడా రెండు వైపులా కూచుని వింటాను, కాఫీ తాగుతూ, ఏ శవమూ లేని ఇంట్లో.

ఇప్పుడు నా కడుపులో ఉన్న మాట. 1984లో రెండో కాన్పుకి పుట్టింటికి వెళ్ళి, మూడో నెలలో బిడ్డనెత్తుకుని ముఖలింగం తిరిగొచ్చాను. హాల్లో బీరువా మీద నల్లగా, అంచులు కుచ్చిళ్ళు తిరిగిన పూలసజ్జ ఒకటి ముద్దుగా ఉంది. అందులో ప్లాస్టిక్ గులాబీలు. “వదినా, చూశావా! ఏదో పత్రికలో వేశారు. పాత రికార్డుని మరిగే నీళ్ళలో ముంచి గిన్నె మీద బోర్లిస్తే ఇలా వస్తుంది. నువ్వు వినడం మానేశావు కదా అని...” అంది మా ఆడపడుచు. పాపం, దానికి ఏ దుర్బుద్ధీ లేదు. నేను లోపలికి తొంగి చూశాను. అడుగున, చిల్లు చుట్టూ, సగానికి కోసిన ఆకుపచ్చ యాపిల్ బొమ్మ. అబీ రోడ్, రెండో వైపు. మొదటి వైపుకి నిండు యాపిల్, రెండో వైపుకి కోసిన యాపిల్.

“బాగుందమ్మా” అన్నాను. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఇంకేమనగలను? అంతకుముందు మామగారు ‘ఇంట్లో ఇంగ్లీషు గోలేమిటి’ అని ఒకసారి విసుక్కుంటే రికార్డు ప్లేయరు మంచం కింద పెట్టింది నేనే. వినడం మానేశానని అనుకోనిచ్చిందీ నేనే. అందుకే ఈ తగువులో సగం నా మీదే. మన ఇష్టాల్ని మనమే మంచం కింద పెట్టేసి, తరవాత ఎవరో వాటిని వేడినీళ్ళలో ముంచారని ఏడిస్తే ఏం లాభం?

సంక్రాంతి వెళ్ళాక మా మనవరాలు ఒక రోజు ఫోను పట్టుకొచ్చింది. “మామ్మా, నీ రోడ్డు ఇందులో ఉంది” అంది. రెండు వైపులూ కలిపి నలభై ఏడు నిమిషాలు. పప్పు నానబోసి ఉంది, రుబ్బాలి. రుబ్బలేదు. చేతిలో చేట లేదు, ఒళ్ళో కూర లేదు. వీధరుగు మీద ఉత్తచేతులతో కూచున్నాను. కోడలు ఏదో అడగడానికి వచ్చి, నన్ను చూసి, అడక్కుండానే పక్కన కూచుంది. సూర్యుడి పాట వచ్చినప్పుడు, “ఇది బాగుందత్తయ్యా, మళ్ళీ పెట్టమనండి” అంది. ఆ రోజు మా ఇంట్లో గారెలు ఆలస్యం. ఎవరూ ఆకలితో చచ్చిపోలేదు.

కాబట్టి అక్కయ్యలారా, చెల్లెమ్మలారా, నేను కోరేది పెద్దదేమీ కాదు. మీకు బీటిల్సే నచ్చాలని లేదు. లీల పాటలే ఇష్టమైతే లీల పాటలు వినండి, సుప్రభాతమే ప్రాణమైతే అదే వినండి. కాని అది మీరు ఎంచుకున్నదై ఉండాలి. రోజుకి నలభై నిమిషాలు ఉత్తచేతులతో కూచుని వినండి. పిల్లలు పెట్టె తెస్తే సంతోషంగా పుచ్చుకుని, లోపల ఏం నింపాలో మీరు చెప్పండి.

నిన్న మా అబ్బాయి ఫోను చేశాడు. “పెట్టె వింటున్నావామ్మా?” అన్నాడు.

“ఆఁ, వింటున్నానురా. పొద్దున్న సుప్రభాతం, మధ్యాహ్నం అబ్బే రోడ్డు” అన్నాను.

పక్కింటి వదినగారు కూడా వస్తోంది. ఆవిడకి ఆ సుత్తి పాటే నచ్చిందట. ఏం చేస్తాం, ఎవరి ఇష్టం వారిది!